గంగులప్ప ఫియటుకు పింగాణీ పూత

కుప్పం,
6 ఫిబ్రవరి 1983

అక్కకు,

ముందు వందనాలు, తరువాత క్షమాపణలు, ఆ తరువాత పని. క్రిస్మసుకు రానందుకు ఏమేం తిట్టాలనుకున్నావో అవన్నీ తిట్టేసినట్టు, నేను తలవంచుకుని విన్నట్టు అనుకుని కిందికి చదువు.

ఈ ఊళ్లో గంగులప్ప అని నల్లరాయి క్వారీ ఆసామి ఒకాయన ఉన్నాడు. మనిషి కూడా ఆయన తవ్వించే రాళ్ల కొలతలోనే ఉంటాడు. ఆయనకొక పాత ఫియటు కారుంది. బెంగుళూరులో కార్ల పిచ్చి ఉన్నవాళ్లు కొందరు కలిసి ఏటా మే నెలలో హార్స్లీ కొండ మీదికి పందెం పెడుతున్నారు. కొండ కింద జెండా ఊపుతారు, ఎవరు తక్కువ నిమిషాల్లో పైకెక్కితే వారికి కప్పు. పోయినేడు మా గంగులప్ప ఏడో మలుపులో ఆగిపోయాడు. ఎండకు, ఇంజను వేడికి కార్బురేటర్‌లో పెట్రోలు మరిగి ఆవిరైపోయింది. ఆయన దిగి, ఇంజను మీద తడి తువ్వాలు కప్పి, పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుతుంటే కోతులు కూడా నిలబడి చూశాయట.

ఈ ఏడు పందెం మే పదిహేనున. ఆ ఇంజను మొత్తం విప్పి నా షెడ్డులో పరిచాను. సిలిండర్లకు బోరు కొట్టించాను, కొత్త పిస్టన్లు వేశాను. పొగ బయటికి పోయే మానిఫోల్డు కంపెనీది పోత ఇనుముతో చేసింది, ఎద్దు ముక్కులా ఇరుగ్గా ఉంటుంది. దాన్ని పారేసి, నాలుగు గొట్టాలు వంచి ఒక గొట్టంలో కలిసేలా నేనే వెల్డింగు చేశాను. పొగ సులువుగా పోతే ఇంజనుకు బలం పెరుగుతుంది. చిక్కల్లా ఒకటే. ఆ గొట్టాలు ఎర్రగా కాలతాయి, కార్బురేటరు సరిగ్గా వాటి నెత్తిన కూర్చుని ఉంటుంది.

బెంగుళూరులో ఒక విదేశీ పత్రికలో చూశాను. పందెం కార్లలో ఇలాంటి గొట్టాలకు పింగాణీ పూత పూస్తారట. వేడి గొట్టం లోపలే ఉండి పొగతోపాటు వెనకనుంచి పోతుంది, బానెట్టు కింద చల్లగా ఉంటుంది. పింగాణీ అనగానే నువ్వు గుర్తొచ్చావు. ఇరవై ఆరేళ్లుగా మీ పనిశాలలో ఊరగాయ జాడీలకు పూసే పూతే దీనికీ పూసి, మీ బట్టీలో పెట్టి కాల్చి పంపు. గొట్టాలు గోనెసంచిలో చుట్టి పలమనేరు మీదుగా పోయే బస్సు కండక్టరుకిచ్చాను. పుంగనూరులో దింపుతాడు. ఇది ఏమిటి, ఎందుకు అని ఎక్కువ ప్రశ్నలు వేయకు, పూసెయ్.

నన్ను చంకనెత్తుకుని తిప్పినందుకు ఇప్పటికీ నడుము నొప్పి అని ఊరంతా చెప్పుకునే సారమ్మ తమ్ముడు,
ప్రేమానందం

పుంగనూరు,
19 ఫిబ్రవరి 1983

ప్రేమానందానికి,

దేవుడు నిన్ను దీవించి, వీలుంటే సబ్బు పెట్టి కడుగుగాక.

నీ సంచి అందింది. అందించినవాడు నన్ను తిట్టిన తిట్లు కూడా అందాయి. "ఏమ్మా, ఈ సంచి నీదేనా? నా టికెట్ల పుస్తకమంతా బజ్జీల పొట్లం మాదిరి అయిపోయిండాది!" అన్నాడు కండక్టరు. గొట్టాలకు తుప్పు పట్టకుండా పాత ఇంజనాయిలు పూసి పంపావు. మెకానిక్కుల మర్యాద అదేనేమో. మా పనిలో నూనె చుక్క ఉన్నచోట పూత నిలవదు. ఎల్లమ్మ బూడిదతో, చింతపండుతో రెండు రోజులు తోమింది. తోముతూ, "ఇది యాడో సారాయి కాసేదే సారమ్మా. మీ తమ్ముడు కారని సెప్పి మన సేత పాపం సేపిస్తాండాడు" అంది. ఆమె మట్టి తొక్కే మనిషి, నిజం కూడా అలాగే తొక్కి బయటికి తీస్తుంది. కాబట్టి కారు సంగతి నేను పూర్తిగా నమ్మానని అనుకోకు.

ఇక్కడి సంగతి చెబుతాను. మా పింగాణీ విభాగంలో ఇప్పుడు నలుగురమే మిగిలాం. మట్టి తొక్కడానికి ఎల్లమ్మ, కుమ్మరి సారె తిప్పడానికి యేసమ్మ, పూత పూయడానికి మునిరత్నమ్మ, అందరి మీదా అరవడానికి నేను. ఊరంతా స్టీలు గ్లాసులు, ప్లాస్టిక్ డబ్బాలు వచ్చేశాయి. జాడీలు గోడ వారగా వరుసగా నిలబడి నన్నే చూస్తున్నాయి. మదనపల్లెలో ఉండే, మా పనిశాలను నడిపే చర్చి కమిటీ అధ్యక్షులు జ్ఞానశేఖర్ గారికి బట్టీ పగలగొట్టించి ఆ షెడ్డులో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టాలని ఉంది. వచ్చే నెల మీటింగులో తేలుస్తారట.

అందుకే నీ వంకర గొట్టాలు చూసి నిజంగా సంతోషపడ్డాను. బట్టీ వెలిగించి రెండు నెలలైంది. మంట లేచినప్పుడు యేసమ్మ ఏడ్చేసింది, నేను పొగ అని చెప్పుకున్నాను.

ఏ పాత్రనైనా మేం పూతకు ముందు నీళ్లు పోసి చూస్తాం. నీ గొట్టాల అడుగు గుడ్డతో బిగించి నీళ్లు పోశాం. నీ వెల్డింగులో రెండు చోట్ల కారింది. చెమ్మ కాదు, ధార. అక్కడ మట్టితో పూడ్చాం. ఇంకా అంచు పట్టీలో ఎనిమిది బొక్కలున్నాయి. మునిరత్నమ్మ చూసి, "అయ్యో, ఏ పాపిష్టోడు పొడిసినాడో" అని ఎనిమిదింటినీ చక్కగా మట్టితో మూసి, నున్నగా చేసి, లోపలా బయటా రెండేసి సార్లు పూత పూసింది. ఒక పగలంతా కాల్చి, ఒకటిన్నర రోజు చల్లార్చి తీశాం. ఇప్పుడు అందులో ఊరగాయ పెట్టినా మూడేళ్లు చెడదు.

చర్చికి పోతున్నావా అని అడగను. అబద్ధం చెప్పే పాపం నీకెందుకు?

అక్క,
సారా

కుప్పం,
3 మార్చి 1983

అక్కకు,

గొట్టాలు అందాయి. సంచి విప్పి ముందు కంతలు లెక్కపెట్టాను, ఒక్కటీ లేదు.

ఆ ఎనిమిది కంతలూ బోల్టులు దూరడానికి అక్కా! వాటితోనే గొట్టాలు ఇంజనుకు బిగుస్తాయి! మీరు వాటిని మూసి, కాల్చి, రాయి చేసి పంపారు. మునిరత్నమ్మ తిట్టిన ఆ పాపిష్టోడిని నేనే. డ్రిల్లు పెట్టి తొలిస్తే మూడు బిట్లు విరిగాయి. గంగులప్ప వచ్చి నిలబడి, "ఏందప్పా, నా కారు బాగుసేస్తాండావా, నీ షెడ్డులో క్వారీ ఎత్తుతాండావా?" అన్నాడు. పైగా మీ బట్టీలో ఒక పగలంతా ఉండేసరికి గొట్టాలు కొంచెం వంగాయి. సుత్తితో బతిమాలి కూర్చోబెట్టాను.

వెల్డింగులో నీళ్లు కారాయన్నది పచ్చి అబద్ధం. నా వెల్డింగులో గాలి కూడా దూరదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, పూతకు ముందే నా మీద వంక వెతికారు.

నిన్న ఇంజను వేశాను. బ్రహ్మాండంగా ఉంది. పూత చాలా తెల్లగా ఉంది. గంగులప్ప కూడా మెచ్చుకున్నాడు. ఇక దాని గురించి ఉత్తరాల్లో అడగవద్దు, దిష్టి తగులుతుంది.

నీ మరదలు శాంతకుమారికి గొట్టాలతోపాటు నువ్వు పంపిన చిన్న జాడీ నచ్చింది. అందులో చక్కెర పోసింది. చీమలు కూడా మెచ్చుకున్నాయి.

ప్రేమానందం

మదనపల్లె,
12 మార్చి 1983

ప్రేమానందానికి,

మీటింగు ఇప్పుడే అయింది. బస్సుకు ఇంకా గంట ఉంది, బస్టాండులో కూర్చుని రాస్తున్నాను.

టైపు ఇన్‌స్టిట్యూట్ తీర్మానం రాసుకునే వచ్చారు. జ్ఞానశేఖర్ గారు మంచి మనిషే. ఎదుటివాళ్లను నొప్పించకుండా గొంతు నొక్కగలడు. "సారమ్మా, ఈ రోజుల్లో జాడీలు ఎవరికి కావాలమ్మా?" అన్నాడు. నేను లేచాను. ఏం మాట్లాడతానో నాకే తెలియదు. "జాడీలు కాదు సార్, మా పూత ఇప్పుడు పందెం కారులో ఉండాది. ఈ జిల్లాలో ఇంకెవురికీ రాని పని" అన్నాను. రుజువేమిటన్నారు. నీ ఉత్తరం తీసి చూపించాను. మద్దెల, చీమలు ఉన్నచోట బొటనవేలు పెట్టి, "బ్రహ్మాండంగా ఉంది" అన్న వాక్యం మాత్రం చదివించాను.

తీర్మానం ఆపారు. పందెం రోజున కమిటీ స్వయంగా వచ్చి బానెట్టు తెరిచి చూస్తుందట. పూత నిలిస్తే బట్టీ నిలుస్తుంది. లేకపోతే జూన్ నుంచి టైపు మిషన్లు వస్తాయి. పందెం మే పదిహేనో తేదీ అన్నాను. అది ఆదివారం! కాసేపు గొణుక్కున్నారు. చివరికి పందెం చూడటం పాపమే గాని తనిఖీ చేయడం పాపం కాదని, తెల్లవారుజాము ఆరాధన ముగించుకుని రావచ్చని తేల్చారు.

తమ్ముడూ, ఇది ఎగతాళి కాదు. నాకు యాభై రెండేళ్లు. మొగుడు లేడు, పిల్లలు లేరు, వాటి కోసం ఎప్పుడూ బాధపడలేదు, ఎందుకంటే పొద్దున లేచి పోవడానికి ఒక బట్టీ ఉంది. అది పోతే నేనేం చేయాలో నాకు తెలియదు. నీ గొట్టాలు రాకపోయి ఉంటే ఈ రోజుతో అయిపోయేది. నువ్వు ఇంత ఉపయోగపడతావని అమ్మ కూడా అనుకోలేదు.

అక్క,
సారా

కుప్పం,
17 మార్చి 1983

అక్కకు,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. బట్టీ పక్కన మాత్రం కూర్చోకు, దీన్ని అందులో పడేయాలనిపిస్తుంది.

పూత నిలవలేదు. ఇంజను వేసిన నాలుగు నిమిషాలకు పేలాలు వేగినట్టు టపటపా లేచిపోయింది. పూతతోపాటు ఇనుము పైపొర కూడా పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఒక పెచ్చు ఎగిరి గంగులప్ప నుదుటికి తగిలింది. "మీ అక్క పూత పూసిందా, శాపం పెట్టిందా సెప్పప్పా" అని అడిగాడు. ఆయన మెచ్చుకున్నాడని నేను రాసింది ఇదే. ఇప్పుడు కారు ఉత్త గొట్టాలతో ఉంది, పెట్రోలు ఎప్పటిలాగే మరుగుతోంది.

ఎందుకు అబద్ధం రాశావంటావా? బట్టీ వెలిగించారని, యేసమ్మ ఏడ్చిందని, సంతోషపడ్డానని రాశావు. అది చదివాక నిజం రాయడానికి చేయి రాలేదు. ఒక మాటతో పోతుందనుకున్నాను. నువ్వు ఆ మాటను తీసుకుపోయి కమిటీ ముందు బల్ల మీద పెడతావని కలగన్నానా?

అయినా భయపడకు, ఉపాయం ఆలోచించాను. పందెం రోజు పొద్దున గొట్టాలకు సైకిళ్ల షాపు తెల్లరంగు రెండు కోటింగులు కొట్టేస్తాను. జెండా ఊపకముందే మీ పెద్దలకు బానెట్టు తెరిచి చూపిస్తాను. తెల్లగా తళతళలాడుతుంది. వాళ్లు జీపెక్కి వెళ్లిపోతారు, తరువాత కాలితే కాలుతుంది. తనిఖీ అయిపోయింది కదా!

ఇంకొకటి. రెండు చోట్ల పొగ వస్తోంది. మీరు నీళ్లు పోసి చూసిన చోటే.

ప్రేమానందం

పుంగనూరు,
24 మార్చి 1983

ప్రేమానందానికి,

అబద్ధం ఆడటంలో నీకు చిన్నప్పటినుంచి తొందరెక్కువ, నేర్పు తక్కువ. నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీతో మాట్లాడలేదు. నువ్వు ఇక్కడ లేవు గనక నీకు తెలియలేదు.

నామీద జాలిపడి రాశావు చూడు, అదే నాకు మంట. పూత లేచిపోయిందని అప్పుడే రాసి ఉంటే మర్నాడే మళ్లీ మొదలుపెట్టేదాన్ని. ఇరవై రోజులు పోగొట్టావు. నేను చేసింది చెడిపోతే చెడిపోయిందని చెప్పాలి. ఏడవాలో, మళ్లీ చేయాలో నేను చూసుకుంటాను.

రంగు సంగతి ఇంకోసారి ఎత్తకు. ఈ ఇరవై ఆరేళ్లలో బీట పడ్డ జాడీకి రంగు పూసి ఒక్కటి కూడా అమ్మలేదు. గెలిస్తే పూతతో గెలుస్తాను, పోతే బట్టీతో పోతాను.

ఇప్పుడు విను. మొన్న మధ్యాహ్నం కోపంతో అన్నం తింటున్నాను. నా పింగాణీ కంచం నీకు తెలుసు కదా, లోపల ఇనుప రేకు, పైన తెల్ల పూత, అంచున పెచ్చు లేచినది. పాతికేళ్లుగా అందులోనే తింటున్నాను, ఒక్కనాడూ దాని ముఖం చూడలేదు. ఆ రోజు చూశాను. తెలుపు లేచిన చోట ఇనుము లేదు, మధ్యలో నల్లటి పూత ఒకటి పలుచగా అంటుకుని ఉంది! అన్నం వదిలేసి మునిరత్నమ్మను పిలిచాను. సుత్తితో నాలుగు పాత కంచాలు పగలగొట్టాం. అన్నిట్లో అంతే. మునిరత్నమ్మ గోటితో గీకి, "నల్లది పట్టుకోనుండాది అక్కా, తెల్లది దాని మీద ఊరికే కూసోనుండాది" అంది.

మేం చేసిన తప్పు అదే. మట్టికి పూసినట్టు ఇనుముకు పూశాం, మీగడలా మందంగా, పగలంతా కాల్చాం. మట్టి బట్టీలో ఎంతసేపున్నా మట్టే. ఇనుము అంతసేపుంటే ఒళ్లంతా పొక్కుతుంది. ఈసారి ఆ నల్లదొక్కటే పలుచగా పూసి, కొద్ది నిమిషాలే కాలుస్తాం.

కొత్త గొట్టాలు చేసి పంపు. నీళ్లు పోసి నువ్వే చూసి పంపు. నూనె పూశావంటే ఆ సంచి మళ్లీ అదే కండక్టరుకిచ్చి వెనక్కి పంపిస్తాను.

అక్క,
సారా

కుప్పం,
5 ఏప్రిల్ 1983

అక్కకు,

ఈస్టరు పండుగకు చర్చికి పోయాను. నీ భయంతో పోయాను, దేవుడికి ఆ సంగతి తెలుసు.

కొత్త గొట్టాలు పంపుతున్నాను. షెడ్డు వెనక ఎవరూ చూడకుండా నీళ్లు పోశాను. మొదటిసారి మూడు చోట్ల కారింది, రెండోసారి ఒక చోట, మూడోసారి కారలేదు. ముప్పై ఏళ్ల వెల్డింగు గర్వం ఒక చెంబు నీళ్లతో పోయింది. నూనె చుక్క లేదు. శాంతకుమారి పాత చీరలో చుట్టాను. ఎనిమిది కంతల్లోనూ చెక్క మేకులు దిగ్గొట్టాను. ఒక్కొక్క మేకుకు చీటీ కట్టాను: "ఇది పుట్టుకతో వచ్చిన కంత, మూయరాదు." మునిరత్నమ్మకు చదివి వినిపించు.

గంగులప్ప మాత్రం తెల్లగానే కావాలంటున్నాడు. ఊరంతా చెప్పుకున్నాడట. నల్లగా వస్తుందని అక్క రాసిందంటే, "నలుపుకు మీ అక్క యాల, నా క్వారీ మసి సాలదా?" అంటున్నాడు. నేను సర్దిచెబుతాను.

నిజంగా నిలుస్తుందా అక్కా? నిలవకపోతే ముందే చెప్పు. ఇప్పుడు నేనే నిజం భరించడం నేర్చుకుంటున్నాను.

ప్రేమానందం

పుంగనూరు,
23 ఏప్రిల్ 1983

ప్రేమానందానికి,

గొట్టాలు రేపటి బస్సుకు వస్తాయి. ముందు కథ విను.

పగిలిన సీసాలు, వెలిగారం, ఇసుక కలిపి మూసలో కరిగించి, చన్నీళ్లలో కుమ్మరించాం. పలుకులు పలుకులుగా విరిగింది. రోట్లో వేసి ఎల్లమ్మ మూడు రోజులు నూరింది. చిక్కగా వేస్తే నల్లగా కాలుతుందని, కప్పుల మీద పూలు వేయడానికి దాచుకున్న కోబాల్టు నీలం రంగంతా అందులో పోశాను. ఇక పూల అవసరం ఏముంది? దాంట్లో కొంచెం తెల్లమట్టి కలిపి, మజ్జిగంత పలుచన చేసి పూశాం.

కాల్చడం కొత్త సంగతి. బట్టీ ముందే ఎర్రగా కాగాలి, గొట్టాలను కొక్కేనికి తగిలించి లోపలికి పంపాలి, పూత కరిగి మెరవగానే లాగేయాలి. నిమిషాల పని. నా గడియారం క్రిస్మసు నుంచి పదీ పదికే ఆగి ఉంది. అందుకని కీర్తనతో కొలిచాం. ఆరు చరణాల కీర్తన ఒకటి ఎత్తుకుని, ఏ చరణానికి తీయాలో ఇనుప ముక్కలతో తేల్చుకున్నాం. మూడుకు తీస్తే గరుకు, ఆరుకు తీస్తే పొక్కులు, ఐదుకు తీస్తే అద్దం. సరే, ఐదు. అసలు గొట్టాలకు ముందు చివరి ముక్క పెట్టాం. ఐదుకే తీశాం, మాడిపోయింది! తల ప్రాణం తోకకొచ్చింది. వెలిగారంలో తప్పా, మంటలో తప్పా అని ఒక పూటంతా వెతికాం. చివరికి ఎల్లమ్మే పట్టింది. "వెలిగారం లేదు, మన్నూ లేదు. యేసమ్మకు భక్తి ఎక్కువైపోయిండాది. నాలుగో చరణం కండ్లు మూసుకోని సాగదీసింది, నేను సూస్తానే ఉండాను" అంది. ఎల్లమ్మ చర్చి మనిషి కాదు, గంగమ్మ భక్తురాలు. అయినా అసలు గొట్టాలకు కీర్తన ఆమెతోనే పాడించాం, పనిలో తాళం తప్పదని. యేసమ్మకు నా మీద ఇంకా కోపంగా ఉంది.

ఐదో చరణం చివర లాగాం. ఎర్రగా ఉన్నప్పుడు ఏమీ తెలియలేదు. చల్లారుతూ చల్లారుతూ నల్లబడింది, ఆ నలుపులో నీలం మెరిసింది. మళ్లీ కాచి చన్నీళ్లు చల్లాం. చుయ్యిమంది, ఒక్క పెచ్చు లేవలేదు. నేను చేసిన వాటిలో ఇంత అందమైనది ఇంకోటి లేదు ప్రేమా. తీసుకుపోయి కారు కింద పెడతావని కొంచెం బాధగా ఉంది.

పందేనికి నేను రాలేను. జీపులో ఐదుగురు పెద్దలు, ఒక కెమెరా, ఒక భోజనాల క్యారియరు ఉన్నాయట, నాకు చోటు లేదట. నువ్వే చూసి రాయి. ఈసారి జరిగింది రాయి.

అక్క,
సారా

కుప్పం,
16 మే 1983

అక్కకు,

జరిగింది రాస్తున్నాను. శాంతకుమారి పక్కన కూర్చుని సాక్షిగా చూస్తోంది.

నిన్న పన్నెండు గంటలకు జెండా ఊపారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. గంగులప్ప నడుపుతున్నాడు, పక్క సీట్లో నేను కళ్లు మూసుకుని ఉన్నాను. ఏడో మలుపు వచ్చింది. "ఆగలేదప్పా! పోతాండాది సూడు!" అని గంగులప్ప అరిచాడు. కళ్లు తెరిచాను. పదో మలుపు దాటాం. ముందు పోయిన బెంగుళూరు కారొకటి బానెట్టు ఎత్తుకుని రోడ్డు పక్కన ఆవిర్లు కక్కుతోంది. దాన్ని దాటుతూ గంగులప్ప ఆ డ్రైవరుకు నమస్కారం పెట్టాడు. ఒక చేత్తో కాదు, రెండు చేతులతో.

పన్నెండో మలుపులో గేరు మార్చబోతే లివరు ఊడి ఆయన చేతికొచ్చింది. నేను బిగించిన నట్టే అక్కా. ఇంజను సింహంలా అరుస్తోంది, కారు కదలదు. గంగులప్ప లివరును చేతికర్రలా పట్టుకుని దిగి, మిగిలిన కొండ నడిచే ఎక్కుతానన్నాడు. ఆపాం.

మీ కమిటీ జీపు ఆ మలుపు దగ్గరే నీడలో ఉంది. జ్ఞానశేఖర్ గారు వచ్చి బానెట్టు ఎత్తమన్నారు. ఎత్తాను. గొట్టాల మీద ఒక్క గీత లేదు. కార్బురేటరు మీద ఆయన చేయి పెట్టారు, తీయలేదు! చేయి పెట్టగలిగారక్కా, ఆ ఎండలో, ఆ ఎక్కుడు తరువాత! "బాగుంది" అన్నారు. నేనే విన్నాను. ఫోటో కూడా తీయించారు.

తరువాత బెంగుళూరు వాళ్లు ఇద్దరు వచ్చి తొంగిచూశారు. ఎవరు చేశారన్నారు. మా అక్క అన్నాను. నవ్వారు. మళ్లీ వంగి చూసి నవ్వు ఆపారు. ఒకాయన తన మోటారు సైకిలు గొట్టాలకు పూస్తారా అని అడిగి అడ్రసు రాసిచ్చాడు. రైల్లో పంపిస్తాడట.

పందెం పోయింది, అది నా వంతు. నీ వంతు నిలిచింది. బట్టీ నిలిచినట్టే, ఎల్లమ్మకు చెప్పి ఇంకో కీర్తన నేర్చుకోమను. ఆగిన చోటినుంచి కారును ఇంటికి ఈడ్చుకొచ్చింది గంగులప్ప లారీయే. ఆ లారీ ప్రతి సోమవారం మదనపల్లెలో రాళ్లు దించి ఖాళీగానే తిరిగి వస్తుంది. నీకేమైనా పంపాలంటే చెప్పు, బస్సు కండక్టరును ఇక ఏడిపించవద్దు.

ప్రేమానందం

పుంగనూరు,
2 జూన్ 1983

ప్రేమానందానికి,

మీటింగు నిన్న జరిగింది. బట్టీ మూసేశారు.

పూత బాగాలేదని కాదు, బాగుందనే రాసుకున్నారు. నాకు చదివి వినిపించారు కూడా. కానీ పందెం కార్లకు పనికొచ్చే పని మన ఆడవాళ్లకు తగదట. పైగా ఆదివారం కొండ మీద కమిటీని చూసినవాళ్లు ఊళ్లో నాలుగు మాటలు అంటున్నారట. ఆ మాటలు ఆగాలంటే బట్టీ ఆగాలి. "మీ పనితనం గొప్పదమ్మా" అని జ్ఞానశేఖర్ గారు నా చేతులు పట్టుకుని మరీ చెప్పారు. టైపు క్లాసు తాళంచెవులు చూసుకునే ఉద్యోగం నాకే ఇస్తారట. పొద్దున తెరవడం, సాయంత్రం మూయడం. మధ్యలో కూర్చోవడం.

ఇంటికొచ్చి ఏడ్చాను. యేసమ్మ ముందు, మునిరత్నమ్మ ముందు, సిగ్గు లేకుండా ఏడ్చాను. పూత లేచిపోయి ఉంటే ఇంత ఏడుపు వచ్చేది కాదు. నిలిచింది, అయినా కాదన్నారు.

పదో తేదీలోగా బట్టీ పగలగొట్టాలని కాగితం ఇచ్చారు. ఇటుకలు దేనికీ పనికిరావు గనక కావాల్సినవాళ్లు పట్టుకుపోవచ్చునని అందులోనే ఉంది. ఆ కాగితం నేను రెండుసార్లు చదివి పక్కన పడేశాను. ఎల్లమ్మకు చదువు రాదు, నేను చదువుతుంటే విన్నది. "కావల్సినోళ్లు అంటే మనం కామా? మనకంటే కావల్సినోళ్లు యాడుండారు?" అంది.

నిన్న సాయంత్రం మొదలుపెట్టాం. పగలగొట్టలేదు, విప్పాం. నువ్వు ఇంజను విప్పినట్టు, వరుస వరుసగా. వెయ్యిన్నూట ఇరవై ఇటుకలు. ఒక్కొక్కదాని మీద సుద్దముక్కతో నంబరు వేశాం. మొదటి వరుస ఎడమ మూల ఒకటి, పొగ గొట్టం పై అంచున వెయ్యిన్నూట ఇరవై. మునిరత్నమ్మ మూడు వందల దాకా తప్పు లేకుండా వేసింది. తరువాత యేసమ్మకిచ్చాం, కోపం పోయింది. జ్ఞానశేఖర్ గారికి ఆ ఉద్యోగం వద్దని షెడ్డు తాళంచెవులు కవర్లో పెట్టి పంపేశాను, వందనాలతో.

వచ్చే సోమవారం గంగులప్ప లారీని మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా రమ్మను. ఇటుకలు వెనక, మేం ముందు. నీ షెడ్డులో ఆ పాత ఇంజన్ల గుట్ట తీసేసి చోటు చెయ్యి. నేల చదునుగా ఉండాలి, పైన రేకుకు ఒక కంత కొట్టు. ఇది మాత్రం మూయం. బెంగుళూరు ఆయన అడ్రసు పారేయకు.

నిన్ను అడగడం లేదు, చెబుతున్నాను. మేం నలుగురం వస్తున్నాం. మధ్యాహ్నం అన్నం శాంతకుమారితో వండించకు, ఆమె చేత కూడా పని చేయిస్తాను. నువ్వే వండు. మాకు తీరిక ఉండదు.

అక్క,
సారా